నాన్న 4 టీబీ డిస్కు: సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ కలగాపులగం. పేర్లు ఎలా సర్దాలి?

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ నమస్తే. మా నాన్న ఏళ్ల తరబడి ఒక డిస్కు నిండితే ఇంకో డిస్కులోకి కాపీ కొట్టుకుంటూ వచ్చిన సరుకంతా ఇప్పుడు ఒకే 4 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఉంది. ఇంట్లో ఉన్న వీసీడీలు, డీవీడీల నుంచి ఎక్కించిన సినిమాలు, ఎంపీ3 పాటలు, అక్క పెళ్లి వీడియో, ఫొటోలు, వాటి మధ్యలో నా బీటెక్ ప్రాజెక్టు రిపోర్టు. "న్యూ ఫోల్డర్ 3" తెరిస్తే "ఓల్డ్ బ్యాకప్", అది తెరిస్తే మళ్లీ ఇంకో "న్యూ ఫోల్డర్".

పాత డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ (మన దగ్గరున్న సినిమాలను పోస్టర్లతో టీవీలో చూపించే సాఫ్ట్‌వేర్) వేసి ఈ డిస్కు చూపించాను. సగం సినిమాలకు పోస్టర్ రాలేదు. అక్క పెళ్లి వీడియోకి మాత్రం ఎవరో తెల్లవాళ్లు గౌన్లు వేసుకుని నవ్వుతున్న ఇంగ్లీషు సినిమా పోస్టర్ తగిలించింది. టీవీలో అది చూసి అమ్మ "వీళ్లెవర్రా మన పెళ్లిలో?" అంది.

అన్నిటికీ ఒకేసారి పేర్లు మార్చిపడేసే సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఉంటే చెప్పండి. డబ్బులు కట్టాల్సినదైనా పర్లేదు.

సర్వర్_సుబ్బడు:

తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు కుప్పలు విడదీయి. సినిమాలు, సీరియళ్లు, పాటలు, ఇంటి వీడియోలు, ఫొటోలు. ఒకదాని కడుపులో ఇంకోటి కాకుండా పక్కపక్కన ఫోల్డర్లు. జెల్లీఫిన్‌లో లైబ్రరీ కలిపేటప్పుడు అది ఏ రకమో అడుగుతుంది చూడు, అక్కడ ఇంటి వీడియోలకు "హోమ్ వీడియోస్ అండ్ ఫొటోస్" పెట్టు. ఆ రకం ఇంటర్నెట్‌లో పోస్టర్లు వెతకదు. మీ అమ్మగారి ఫిర్యాదు అక్కడితో సరి.

సినిమాలకు పద్ధతి ఒకటే. ఒక్కో సినిమాకి ఒక్కో ఫోల్డర్, ఫోల్డర్ పేరు "సినిమా పేరు (సంవత్సరం)", లోపలి ఫైలుకీ అదే పేరు. జెల్లీఫిన్‌కీ, అలాంటివే అయిన ప్లెక్స్, కోడీలకూ ఇది అర్థమవుతుంది. సంవత్సరం మాత్రం వదలొద్దు. మనవాళ్లు పాత పేర్లు మళ్లీ మళ్లీ వాడతారు. "దేవదాసు" అని ఒట్టి పేరు పెడితే 1953 నాటి నాగేశ్వరరావుదా, 1974 నాటి కృష్ణదా, 2006లో వచ్చిన రామ్‌దా? దానికెలా తెలుస్తుంది పాపం, ఎక్కువమంది చూసినదేదో తెచ్చి అంటిస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:

థాంక్స్ అన్నా. కుప్పలు విడదీయడం మొదలుపెట్టా. "మాయాబజార్" దగ్గర ఇరుక్కున్నా. మా దగ్గర బ్లాక్ అండ్ వైట్‌ది ఉంది, రంగులు వేసినదీ ఉంది. రెండూ 1957 అనే పెట్టాలా? పైగా బ్లాక్ అండ్ వైట్‌ది రెండు సీడీల నుంచి ఎక్కించినది, రెండు ముక్కలుగా ఉంది.

సర్వర్_సుబ్బడు:

రంగులది థియేటర్లకు వచ్చింది 2010లో. కానీ సినిమా అదే కాబట్టి 1957 అనే పెట్టు. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ఫైలు పేరు చివర ఒక స్పేస్, ఒక గీత, ఇంకో స్పేస్ ఇచ్చి ఏ కాపీయో రాయి: "మాయాబజార్ (1957) - రంగులు", "మాయాబజార్ (1957) - నలుపు తెలుపు". గీతకు ముందున్న భాగం ఫోల్డర్ పేరుతో అచ్చంగా కలవాలి. ఒక్క స్పేస్ తేడా వచ్చినా అవి రెండు వేర్వేరు సినిమాలుగా కనిపిస్తాయి. కలిస్తే ఒకే పోస్టర్ వచ్చి, ప్లే చేసేముందు ఏ వెర్షన్ కావాలో ఎంచుకోవచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. ఆ సినిమాని తెలుగులో, తమిళంలో ఒకేసారి తీశారు, రెండూ 1957లోనే వచ్చాయి. 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన "మాయాబజార్" వేరే. కాబట్టి సంవత్సరం పెట్టినా తమిళ పోస్టర్ వచ్చే అవకాశం ఉంది. అలాంటప్పుడు జెల్లీఫిన్ పోస్టర్లు, వివరాలు తెచ్చుకునే టీఎండీబీ సైట్‌లో ఆ సినిమా పేజీ తెరిచి, అడ్రస్‌లో ఉన్న నంబరు తీసుకుని ఫోల్డర్ పేరు చివర చతురస్ర బ్రాకెట్లలో టీఎండీబీఐడీ, గీత, ఆ నంబరు రాసెయ్. ఇంక ఊహించే పని ఉండదు.

రెండు ముక్కలదానికి చివర "సీడీ1", "సీడీ2" పెట్టినా ఒకదాని వెనక ఒకటి ఆడుతుంది. కానీ నా మాట విని రెండూ కలిపి ఒకే ఫైలు చేసుకో. ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటిది వేసి, రెండోది "అపెండ్" చేస్తే నిమిషాల్లో అయిపోతుంది, క్వాలిటీ తగ్గదు. ఒకే సినిమాకి ముక్కలూ, వెర్షన్లూ రెండూ పెట్టుకుంటే తలనొప్పి.

లక్ష్మి_గుంటూరు:

సుబ్బడు గారూ, నాదో సందేహం. ఫైళ్లకు తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకుంటే తప్పేముంది? ఇంగ్లీషులో "లవకుశ" అని వెతకాలంటే ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడగొడతారు, ఒకరు "శ"కి హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. తెలుగులో అయితే ఆ గొడవ లేదు కదా. మా ఇంట్లో అత్తయ్యగారు ఇంగ్లీషు చదవలేరు, ఆవిడ టీవీలో తెలుగు పేరు చూసే నొక్కుతారు.

ఓరుగల్లు_లైనక్స్:

లక్ష్మి గారూ, పెట్టుకోవచ్చు, కానీ ఒక లెక్క చూసుకోండి. లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడి గుర్తులే. "స్త్రీ" మనకు ఒకటే అక్షరం. లోపల మాత్రం ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. 85 గుర్తులు దాటితే పేరు పట్టదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల దాకా పడుతుంది. అందుకే విండోస్‌లో బాగానే ఉన్న పేరు ఎన్ఏఎస్‌లోకి (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కాపీ చేసేటప్పుడు "పేరు మరీ పొడవు" అని ఆగిపోతుంది. సైనాలజీ కంపెనీ ఎన్ఏఎస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్ అయితే ఇంకా ఇరుకు: 143 బైట్లే, అంటే తెలుగులో 47 గుర్తులు.

రెండో చిక్కు కంటికి కనిపించదు. "ఎన్‌టీఆర్" అని టైప్ చేస్తే న్ కింద ట వత్తుగా చేరిపోకుండా కీబోర్డు మధ్యలో కనబడని గుర్తు ఒకటి వేస్తుంది. ఇంకొకరు "ఎన్టీఆర్" అని వత్తుతోనే రాస్తారు. మనిషి రెండూ ఒకటే అనుకుంటాడు. సెర్చ్‌కి మాత్రం రెండూ వేరు. "ఐ" గుణింతం సంగతీ అంతే: పాత మ్యాక్ డిస్కుల్లో "శైలజ" అని సేవ్ చేస్తే ఆ ఐత్వం రెండు గుర్తులుగా విడిపోయి నిల్వ అవుతుంది. దాన్ని లైనక్స్‌లోకి తెచ్చాక అదే పేరు మామూలుగా టైప్ చేసి వెతికితే దొరకదు. ఒకే ఫోల్డర్‌లో అచ్చు ఒకేలా కనిపించే రెండు "శైలజ"లు చూస్తే బుర్ర తిరుగుతుంది.

అత్తయ్యగారి కోసం చేయాల్సింది వేరే. ఫైలు పేరు ఇంగ్లీషులో ఉంచి, సినిమాల లైబ్రరీ సెట్టింగ్స్‌లో మెటాడేటా (సినిమా పేరు, కథ లాంటి వివరాలు) భాష తెలుగు అని పెట్టండి. టీఎండీబీలో తెలుగు పేరు ఎక్కించి ఉంటే తెర మీద తెలుగులోనే వస్తుంది. లేకపోతే ఆ సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి మనమే ఎక్కించవచ్చు.

లక్ష్మి_గుంటూరు:

సినిమాలకు సరేనండీ. ఇంటి వీడియోలకు మాత్రం నేను తెలుగే పెడతాను. వాటికి టీఎండీబీ ఎలాగూ లేదు. పేర్లు పొట్టిగా ఉంచుతాను, అంతే.

ఓరుగల్లు_లైనక్స్:

అది సమంజసమే. కాకపోతే ముందు తేదీ పెట్టి, తర్వాత తెలుగు రాయండి.

డల్లాస్_డైరీ:

తేదీ మాట వచ్చింది కాబట్టి: మనకు 14-05-2009 అని రాయడం అలవాటు. ఫైలు పేరులో అలా పెడితే అన్ని ఏళ్ల పద్నాలుగో తారీకులూ ఒక చోట చేరతాయి. 2009-05-14 అని సంవత్సరం ముందు పెడితే వాటంతటవే వరసలో కూర్చుంటాయి.

@కృష్ణలంక_కుర్రాడు, పెళ్లి ఫొటోలకు, ఫోన్ వీడియోలకు తేదీని బట్టి పేర్లు మార్చబోతున్నారా? అయితే ఒక్క నిమిషం ఆగండి. ఫొటోలో ఉండే టైము, తీసిన చోటి గడియారం టైము. ఎంపీ4 వీడియోలో ఉండే టైము నిబంధన ప్రకారం యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైము), అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మన ముహూర్తాలేమో అర్ధరాత్రి దాటాక. తెల్లవారుజామున 2:40కి జీలకర్ర బెల్లం పెట్టారనుకోండి, ఫొటోకి ఆ రోజు 2:40 పడుతుంది, పక్కనే ఫోన్‌లో తీసిన వీడియోకి ముందురోజు రాత్రి 9:10 పడుతుంది. పేర్లు మార్చి వరస పెట్టాక చూస్తే ఎదుర్కోలు కంటే ముందే జీలకర్ర బెల్లం అయిపోయి ఉంటుంది.

ఫొటోలు, వీడియోల లోపలి తేదీలు చదివి మార్చే ఎగ్జిఫ్‌టూల్‌లో దీనికి విడిగా క్విక్‌టైమ్‌యూటీసీ అనే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే వీడియో టైమును మన టైముకి మార్చి చదువుతుంది. కానీ గుడ్డిగా పెట్టొద్దు. కొన్ని కెమెరాలు నిబంధన పట్టించుకోకుండా అక్కడి టైమే రాసేస్తాయి. ఒక్కో కెమెరా నుంచి ఒక వీడియో తెరిచి, తాళి కట్టే చోట ఎంత చూపిస్తోందో శుభలేఖలో ముహూర్తంతో పోల్చుకోండి.

ఇక్కడి నుంచి వెళ్లే మాలాంటి చుట్టాల కెమెరాలు ఇంకో రకం తలనొప్పి. టెక్సాస్ టైము మార్చకుండానే పెళ్లంతా తీసేస్తాం. మే నెలలో తేడా పదిన్నర గంటలు. ఆ కెమెరా ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకుని ఎగ్జిఫ్‌టూల్‌లో అన్ని తేదీలకూ 10:30 కలపమంటే ఒక్క దెబ్బకు సరిపోతాయి. వేరే వాళ్ల ఫొటోలతో కలిపేశాక అయితే ఏది ఎవరిదో కెమెరా మోడల్ చూసి ఏరుకోవాలి.

కృష్ణలంక_కుర్రాడు:

వామ్మో. మా బాబాయ్ న్యూజెర్సీ నుంచే వచ్చాడు. సగం పెళ్లి ఫొటోలు ఆయన కెమెరావే. వాట్సాప్‌లో వచ్చినవి కూడా బోలెడున్నాయి.

డల్లాస్_డైరీ:

న్యూజెర్సీ అయితే ఎండాకాలంలో తేడా తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. పెళ్లి ఏ నెలలోనో చూసుకోండి.

వాట్సాప్‌వి విడిగా పెట్టండి. మామూలుగా పంపిన ఫొటోలో కెమెరా రాసిన తేదీ పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరులో తేదీ ఉంటుంది గానీ అది ఫోన్‌కి చేరిన రోజు, తీసిన రోజు కాదు. పెదనాన్న గారు పాత ఫొటో ఒకటి పండక్కి గ్రూపులో పెడితే దానికి పండగ తేదీ పడుతుంది. అసలు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే అదే అడిగి తెచ్చుకోండి, సైజు కూడా పెద్దగా ఉంటుంది.

పాతపాటల_పిచ్చి:

అందరూ వీడియోల మీదే పడ్డారు, పాటల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఈ విషయంలో నాకు కాస్త పిచ్చి ఎక్కువే, ఓపిక పట్టండి.

పాటలకు ఫైలు పేరు కంటే లోపలి ట్యాగ్ (పాట, సినిమా, గాయకుడి పేర్లు రాసి ఉండే గళ్లు) ముఖ్యం. ప్లేయర్లు చూసేది దాన్నే. పాత ఎంపీ3ల్లో ఆల్బమ్ గడిలో సినిమా పేరు బదులు ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది, గాయకుడి గడిలోనూ అదే. ముందు ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ వేసి, ఆ వెబ్‌సైట్ పేరు ఉన్నవన్నీ ఫిల్టర్ చేసి, ఒకేసారి తుడిచేయండి. మీ నాన్నగారు ఫైలు పేర్లు "సినిమా - పాట" అని ఒకే పద్ధతిలో పెట్టి ఉంటే అదే సాఫ్ట్‌వేర్ ఆ పేరులోంచే ట్యాగులు నింపేస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అని ఇంకోటి ఉంది, ఇంగ్లీషు ఆల్బమ్‌లకు బ్రహ్మాండం, మన పాత సినిమాలకు చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొస్తుంది.

సినిమా పాటలకు "ఆల్బమ్ ఆర్టిస్ట్" అనే గడి తప్పనిసరి. ఒకే సినిమాలో ఒక పాట ఘంటసాల, ఇంకోటి లీల, ఇంకోటి ఇద్దరూ. ఆ గడి ఖాళీగా ఉంటే కొన్ని ప్లేయర్లు ఒకే సినిమాను మూడు నాలుగు ఆల్బమ్‌లుగా చీల్చేస్తాయి. నేను అక్కడ సంగీత దర్శకుడి పేరు పెడతాను. అప్పుడు పెండ్యాల అని నొక్కితే ఆయన సినిమాలన్నీ వరసగా వస్తాయి. గాయకుల గడిలో ఒకే మనిషికి ఒకే స్పెల్లింగ్. ఘంటసాల, ఘంటసాల వెంకటేశ్వరరావు, జి.వి. రావు అని మూడు రకాలుగా ఉంటే ప్లేయర్ దృష్టిలో ముగ్గురు మనుషులు.

పాట పేర్లు మధ్యలో తెగిపోయి కనిపిస్తే కంగారు పడొద్దు. మొదటి తరం ఐడీ3 ట్యాగులో పేరుకి 30 అక్షరాలే చోటు. మన పల్లవులు అందులో పడతాయా! ఎంపీ3ట్యాగ్‌లోనే కొత్త ట్యాగుగా మార్చి, పూర్తి పల్లవి రాసి, పాతది తీసేయండి.

మాటలో మాట, ఇందాకటి "మాయాబజార్" పాటలకు కంపోజర్ గడిలో ఏం పెడతారో నాకు కుతూహలం. తెర మీద ఘంటసాల పేరే ఉంటుంది. కానీ కొన్ని బాణీలు సాలూరు రాజేశ్వరరావు కట్టి తప్పుకున్నాకే ఆయన చేతికొచ్చింది. నేనైతే ఆ పాటలకు ఇద్దరి పేర్లూ పెట్టాను. ఆల్బమ్ ఆర్టిస్ట్ మాత్రం ఘంటసాలే, లేకపోతే ఆల్బమ్ చీలుతుంది.

సర్వర్_సుబ్బడు:

పిచ్చి గారూ, మీతో పాటల గురించి మాట్లాడితే తెల్లారుతుంది.

పాతపాటల_పిచ్చి:

ఇంకా హరికథల క్యాసెట్ల సంగతి ఎత్తలేదు, సంతోషించండి.

కృష్ణలంక_కుర్రాడు:

పిచ్చి గారూ, సూపర్. వెబ్‌సైట్ పేర్లు తుడిచేశా.

ఇప్పుడు అక్క పెళ్లి డీవీడీ దగ్గరికొచ్చా. ఫోల్డర్ నిండా వీఓబీ ఫైళ్లు, ఒక్కోటి 1 జీబీ. ఐఎఫ్ఓ, బీయూపీ అని చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. వీఓబీలకు "పెళ్లికూతురు", "ముహూర్తం", "అప్పగింతలు" అని పేర్లు పెడదామనుకుంటున్నా.

సర్వర్_సుబ్బడు:

ఆగాగు, వాటిని ముట్టుకోకు! ఆ ముక్కలు ఘట్టాల ప్రకారం తెగినవి కావు. డీవీడీలో ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకూడదు కాబట్టి ఎక్కడ నిండితే అక్కడ తెగుతుంది. అప్పగింతల మధ్యలో తెగినా తెగుతుంది. ఏ ముక్క తర్వాత ఏది ఆడాలో చెప్పేది ఐఎఫ్ఓ, దాని నకలు బీయూపీ. వీఓబీ పేరు మారిస్తే వాటికి దారి దొరకదు.

మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోల్డర్ తెరిస్తే మొత్తం కలిపి ఒకే ఎంకేవీ ఇస్తుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి బొమ్మ అలాగే ఉంటుంది. చాప్టర్లు ఉంటే అవీ వస్తాయి. నీ "అప్పగింతలు" లాంటి పేర్లు ఆ చాప్టర్లకు పెట్టుకో, ఎంకేవీటూల్‌నిక్స్‌లో చాప్టర్ ఎడిటర్ ఉంది. పాత వీఓబీ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులో దాచు. సినిమా పోతే మళ్లీ డిస్కు కొనుక్కోవచ్చు. అక్క పెళ్లికి ఇంకో ప్రింటు లేదు.

లక్ష్మి_గుంటూరు:

బాబూ, ఇంకో ముక్క. పేర్లు మార్చేముందు ఇప్పుడున్న పేర్ల జాబితా ఒకటి టెక్స్ట్ ఫైలుగా దాచుకో. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "డిర్" కమాండ్‌కి సబ్‌ఫోల్డర్లతో సహా అని చెప్పి ఫైలులోకి పంపితే చాలు. మీ నాన్నగారికి ఏ ఫైలు ఎక్కడుందో పాత పేరుతోనే గుర్తుంటుంది. "రాజమండ్రి 2 కొత్తది" అంటే నీకు అర్థం కాకపోవచ్చు, ఆయనకి అది పుష్కరాల వీడియో అని ఠక్కున తడుతుంది. ఆ పేరు పోతే ఆ వివరం కూడా పోయినట్టే. వీలైతే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వీడియోల పేర్లు పెట్టు. తేదీ, సందర్భం, ఊరు, ముఖ్యమైన మనుషులు.

కృష్ణలంక_కుర్రాడు:

మంచి మాట చెప్పారండీ. నాన్నతో కూర్చున్నా. ఒక్కో వీడియో దగ్గర అరగంట కథ చెబుతున్నారు, పని నత్తనడక నడుస్తోంది, కానీ ఎవరో తెలియని వాళ్లందరికీ పేర్లు దొరికాయి.

ఇంకా సీరియళ్లు మిగిలాయి. అమ్మ కోసం ఒక డైలీ సీరియల్ రికార్డు చేసిపెట్టారు. 1, 10, 100, 1000, 2 అని వరస తప్పి వస్తున్నాయి.

ఓరుగల్లు_లైనక్స్:

వెయ్యి దాటాయి కాబట్టి నాలుగంకెలు పెట్టు: 0001, 0002. విండోస్‌లో పవర్‌టాయ్స్ వేసుకుంటే పవర్‌రీనేమ్ వస్తుంది, ఉచితం. రైట్ క్లిక్ చేసి పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూసుకుని అప్పుడు ఒప్పుకోవచ్చు. ఇంకా పెద్ద పనికి బల్క్ రీనేమ్ యుటిలిటీ ఉంది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితమే. తెర నిండా గళ్లే గళ్లు, చూస్తేనే టెన్షన్ వస్తుంది గానీ పని గట్టిది. ఏదైనా సరే, ముందు ఒక చిన్న ఫోల్డర్ నకలు తీసి దాని మీద చూడు.

సీరియల్ పేరుతో ఫోల్డర్, లోపల ఇంగ్లీషు అక్షరాల్లో "సీజన్ 01", ఫైలుకి సీరియల్ పేరు, ఎస్01ఈ0001. డైలీ సీరియళ్లకు మనవాళ్లు సీజన్లు పాటించరు, అన్నీ ఒకే సీజన్‌లో వేసెయ్. సంక్రాంతి స్పెషల్, మహా ఎపిసోడ్ లాంటివి "సీజన్ 00"లో.

కృష్ణలంక_కుర్రాడు:

వరస కుదిరింది. పేర్లు మార్చే ఫైల్‌బాట్ సాఫ్ట్‌వేర్ కొనమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అవసరమా?

సర్వర్_సుబ్బడు:

ఇంగ్లీషు సిరీస్‌లు వందల్లో ఉంటే డబ్బుకి న్యాయం చేస్తుంది. నీ సరుక్కి అక్కర్లేదు. సినిమాలకు టైనీమీడియామేనేజర్ ఉచిత వెర్షన్ చాలు, టీఎండీబీలో వెతికి ఫోల్డర్లూ ఫైళ్లూ పద్ధతిగా మార్చిపెడుతుంది. అన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి నొక్కకు. అది చూపించిన సినిమా నిజంగా అదేనా అని ఒక్కోటీ చూడు. పాత ఫైలు పేరులో సీడీ కంపెనీ పేరు, సైజు, ఆడియో రకం లాంటి చెత్త ఎక్కువుంటే తప్పు సినిమా పట్టుకుంటుంది.

కోడీ కూడా వాడుతుంటే పేర్లు మార్చకముందే లైబ్రరీని ఎక్స్‌పోర్ట్ చేసుకో. దానికి ఫైలు దారే గుర్తు. పేరు మారితే కొత్త ఫైలనుకుంటుంది, ఎంతవరకు చూశామో మరిచిపోతుంది.

కృష్ణలంక_కుర్రాడు:

కోడీ లేదన్నా. చివరి ప్రశ్న. ఒకే ఫొటో నాలుగు ఫోల్డర్లలో నాలుగు పేర్లతో ఉంది. పేర్లు మార్చాక డూప్లికేట్లు తీయాలా, ముందే తీయాలా?

డల్లాస్_డైరీ:

అచ్చంగా ఒకేలా ఉన్నవి ముందే తీయండి. చ్కావ్కా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరుతో పని లేకుండా ఫైలు లోపలి సరుకు పోల్చి చూస్తుంది. తేదీ సరిచేశాక అయితే ఫైలు మారిపోతుంది, ఒకే ఫొటో అయినా రెండు వేర్వేరు ఫైళ్లుగా లెక్కేస్తుంది. కొద్దిగా తేడా ఉన్నవి, అంటే వాట్సాప్‌లో సైజు తగ్గినవీ, అసలువీ, తర్వాత చూడండి. "సిమిలర్ ఇమేజెస్" అని విడిగా ఉంటుంది, అందులో పెద్ద సైజుది ఉంచి చిన్నది తీయండి. నేరుగా డిలీట్ కొట్టకుండా వేరే ఫోల్డర్‌లోకి తరలించమనండి. నెలా రెండు నెలలు చూసి, ఎవరూ ఏదీ పోయిందని అడక్కపోతే అప్పుడు ఖాళీ చేయొచ్చు.

కృష్ణలంక_కుర్రాడు:

ఇప్పుడే రన్ చేశా. బాబాయ్ ఫొటోలు మూడు చోట్ల ఉన్నాయి, వాటిలో ఒక సెట్‌కి ఎవరో ఇదివరకే టైము మార్చినట్టున్నారు. అసలు సెట్ ఏదో ఎలా తెలుస్తుంది?

డల్లాస్_డైరీ:

రిసెప్షన్‌లో గోడ గడియారం పడ్డ ఫొటో ఏదైనా ఉందేమో చూసి ఆ మూడింటి టైములు ఇక్కడ పెట్టండి, చెబుతా.